వేటకు వెంట పోవు బిడ్డ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు వేట ముచ్చట యేల యని కొందరికి తోచవచ్చును. ప్రాణిహింస మాట చెవిని బడుటయే కిట్టనివారును ఈ సభలో ఉందురు. వారి మనస్సు కష్టపెట్టుటకు ఈ విషయము ఎన్నుకొనబడలేదు. పేరునకు వేట యైనను, లోన నున్నది చదువు సంగతి. తండ్రి తన కుమారుని వేటకు వెంటబెట్టుకొని పోయినచో ఆ బాలుడు బడి ఎగగొట్టినట్లా, బడిలో చేరినట్లా? కెనడా దేశమున ఈ ప్రశ్న ఊరక వాదముగా నిలిచిపోలేదు. ప్రభుత్వము ఒక సమాధానము చెప్పి, దానిని బలవంతముగా అమలు జరిపినది. వేటగాండ్రు వేరొక సమాధానము చెప్పి, చివరకు దానిని చట్టములో వ్రాయించుకొనిరి.

ఆ దేశపు తూర్పుభాగమున క్యూబెక్ అను రాష్ట్రము కలదు. దాని ఉత్తరమున, జేమ్స్ అఖాతపు ఒడ్డు మొదలు లోతట్టు సరస్సుల వరకు పరచుకొనిన అడవిసీమను అచటి క్రీ జాతివారు 'ఈయూ ఇస్చీ' అందురు. ప్రజల భూమి అని దానికి అర్థము. వైశాల్యమున మన రెండు తెలుగు రాష్ట్రములను కలిపినను దానికి చాలవు. జనసంఖ్య మాత్రము ఇరువది వేలకు అటునిటు. సముద్రతీరపు గ్రామములవారికి బాతుజాతి పక్షుల వేట ముఖ్యము. మిస్టిస్సిని, వాస్వానిపి మొదలగు లోతట్టు గ్రామములవారికి మూస్ వేట ముఖ్యము.

మూస్ అను మృగమునకు తెలుగు పేరు లేదు. మన నేలపై అది పుట్టకపోవుటయే కారణము. (మన కమ్మరి, కంసాలి వాడు మూసకును దీనికిని పొత్తు లేదు. అట్లాంటిక్ తీరపు ఆదిమజాతుల భాషలలో 'కొమ్మలు ఒలిచి తినునది' అను అర్థము గల మాట అది. ఇంగ్లీషువారు దానిని యథాతథముగా తీసికొనిరి.) లేళ్ల జాతిలో ఇంతకంటె పెద్దది భూమిపై లేదు. నల్లమలలో కణుజును చూచినవారు అదియే మహామృగమని చెప్పుదురు. మూస్ పోతు ప్రక్కన నిలిపినచో కణుజు పెద్ద దూడవలె కన్పట్టును. భుజము కడ ఆరడుగుల ఎత్తు, నాలుగైదువందల కిలోల బరువు, మంచులో నడచుటకు తగిన నిడుపాటి కాళ్లు, క్రిందికి జారిన మూతి, మెడ క్రింద గంగడోలు వంటి తోలుతిత్తి. పోతునకు మాత్రమే కొమ్ములుండును. అవి చాచిన అరచేతులవలె వెడల్పై, ఏటేట శీతకాలమున రాలిపోయి, వసంతమున మరల మొలచును. చూపు అంత గొప్పది కాదు. చెవియు ముక్కును మాత్రము మిక్కిలి చురుకైనవి. ఈ చివరి మాట గుర్తుంచుకొనదగినది; బిడ్డను వెంట తీసికొని పోవుటలోని చిక్కంతయు ఆ చెవితోడనే.

సెప్టెంబరు నడిమి నుండి అక్టోబరు నడిమి వరకు మూస్‌లకు ఎదకాలము. అప్పుడు వేటగాడు భూర్జవృక్షపు పట్టను బూరవలె చుట్టి, దానిని నోట నుంచుకొని, పెంటి పిలుపును అనుకరించును. గాలి కదలని తెల్లవారుజామున గాని, సంజవేళ గాని సరస్సు ఒడ్డున ఈ పిలుపు వేయుదురు. పిలిచిన పిమ్మట చేయవలసినది వినుట. ఒక్కొక్కప్పుడు గంటల తరబడి వినవలెను. నీటిని పైనుండి ధారగా వదలి పెంటి నీటిలో నిలిచియున్నట్లు భ్రమ కల్పించుటయు, ఎండిన మూపుటెముకతో పొదలను రాచి మరియొక పోతు కొమ్ములు రుద్దుకొనుచున్నట్లు తోపించుటయు కలదు. దూరమున పోతు గుర్రుమని బదులిచ్చును. అది వచ్చునో రాదో, ఎటునుండి వచ్చునో ఎవ్వరును చెప్పలేరు. దోనె నడుమ ఒక బాలుడు కూర్చుండియుండును. వాని చేతి తెడ్డు దోనె అంచునకు ఒక్కసారి తగిలినచో ఆ చప్పుడు నీటిమీదుగా ఆవలి ఒడ్డు చేరును. ఆ దినపు వేట అంతటితో సరి.

అట్లైనచో బాలుని ఇంటివద్ద విడిచి పోవుటయే మేలు గదా! లెక్క చూచినచో మేలే. బిడ్డ వలన వేటకు సాయము కంటె ఆటంకమే హెచ్చు. అయినను తోడుకొని పోవుదురు. ఏ వయస్సున పోవలెనని నియమము లేదు. చలిలో కదలక, మాటాడక, ఏడ్వక కూర్చుండగలిగిన నాడు బిడ్డ వేటకు తగినవాడగును. ఇది పుట్టినరోజును బట్టి తేలునది కాదు, తాతకు తెలియును.

నిజమునకు ఈ ప్రయాణము అంతకు చాల ముందే ఆరంభమగును. క్రీ జాతివారిలో బిడ్డను తొలిసారి గుడారము వెలుపలికి నడిపించు వేడుక ఒకటి కలదు. అది మన అన్నప్రాశన, అక్షరాభ్యాసముల వంటిది. నడక నేర్చిన బిడ్డ ఆ వేడుక జరుగువరకు తన కాళ్లతో గడప దాటరాదు. పెద్దలు ఎత్తుకొనియే బయటికి తీసికొని పోవలెను. ఆ దినమున వేకువనే, సూర్యుడుదయించు దిక్కుగా గుడారపు వాకిలి తెరచి, పచ్చని స్ప్రూస్ రెమ్మలు పరచిన త్రోవపై బిడ్డను నడిపింతురు. మగబిడ్డ చేతిలో చిన్న కొయ్యతుపాకి, ఆడబిడ్డ చేతిలో చిన్న గొడ్డలి ఉండును. బిడ్డ ఒక చెట్టు వరకు పోయి, దానిని చుట్టి, వేటనుండియో కట్టెలకు పోయియో మరలివచ్చినట్లు లోనికి వచ్చి, తెచ్చిన ఆహారపు మూటను వృద్ధులకు అందించును. వృద్ధులు ముద్దాడి పుచ్చుకొందురు. తెచ్చినది ముందు పెద్దలకు ఈయవలెనను పాఠము ఆ వయస్సుననే చేతికి అలవాటగును. మాటలు ఇంకను సరిగా రావు.

ఆ తరువాత చాల ఏండ్లు చిన్న పనులలో గడచును. నీరు తెచ్చుట, గుడారపు నేలపై వాడిన రెమ్మలు తీసి క్రొత్తవి పరచుట, కుందేళ్లకు ఉచ్చు వేయుట. కుందేలు ఉచ్చును చులకన చేయరాదు. అది ఎచట వేయవలెనో తెలియుటకు జాడ తెలియవలెను; జాడ తెలియుటకు మంచు తెలియవలెను. నిన్న కురిసిన మంచుపై అడుగు వేరు, మొన్నటి మంచుపై అడుగు వేరు. అంచులు గట్టిపడినచో జంతువు పోయి చాలసేపైనది. ఇట్టివి ఎవరును కూర్చుండబెట్టి చెప్పరు. బిడ్డ చూచును, చేయును, తప్పుచేసి చలిలో ఉత్తచేతులతో వచ్చును, మరునాడు మరల పోవును. ప్రశ్నలు విసరుట కంటె చూచుట మేలని వారి నమ్మకము. మన బడులలో నోరెత్తి అప్పజెప్పినవాడే చదివినవాడు. అచట నోరు మూసికొని కనిపెట్టినవాడు చదివినవాడు.

శీతకాలపు వేటలో ఒక యుక్తి వినదగినది. మూస్ మేత ముగించి పడుకొనబోవునపుడు తిన్నగా పోయి పడుకొనదు. కొంతదూరము ముందుకు నడచి, గాలివాలు వైపునకు ప్రక్కగా మరలి, వెనుకకు వచ్చి, తన జాడకు కొంచెము ఎడముగా పడుకొనును. జాడపట్టి వచ్చు తోడేలు గాని, మనిషి గాని దాని ముందుగనే పోవలసియుండును. గాలి ఆ వాసనను దాని ముక్కునకు చేర్చును. అందుచేత తెలిసిన వేటగాడు జాడమీదుగా నడువడు. జాడనుండి గాలివాలుకు తొలగి, అర్ధచంద్రాకారముగా చుట్టి వచ్చి, జాడ ఇంకను ముందుకు పోవుచున్నదా యని చూచును. ఉన్నచో మరల తొలగి మరియొక చుట్టు చుట్టును. ఒక చుట్టు ముగియునప్పటికి జాడ కానరాకున్నచో మృగము ఆ చుట్టులోపలనే ఉన్నదన్నమాట. అప్పుడు మెల్లగా, ఎదురుగాలికి, వచ్చిన దారినే వెనుకకు మరలి చిన్నచిన్న చుట్లు చుట్టును. కనబడని దానిని, కనబడని చోటుననే లెక్కగట్టి పట్టుకొను ఈ విద్యను రేఖాగణితమనక ఏమనవలెను? తండ్రి వెనుక అడుగులో అడుగువేయు బాలుడు పలక లేకయే దానిని దిద్దుచున్నాడు.

కూలిన మృగమును చూచి బిడ్డ కేరింతలు కొట్టుటను పెద్దలు సహింపరు. జంతువును ఎగతాళి చేయుట, తన గురిని పొగడుకొనుట, మాంసమును వృథాచేయుట వారికి పెద్ద తప్పులు. మృగము వేటగాని నేర్పునకు లొంగినది కాదు, దయతలచి తన్ను తాను ఇచ్చుకొనినదని వారి విశ్వాసము. అందుచేత గంగడోలు తిత్తిని కోసి చెట్టుకొమ్మకు కట్టుదురు. ఎముకలను కుక్కలపాలు చేయక చెట్లపై ఉంచుదురు. తినుటకు ముందు ఒక ముక్క నిప్పులో వేయుదురు. అహింస పరమధర్మమని విన్న మన చెవులకు ఇది చంపినదానికి చెప్పుకొను సమాధానమువలె తోచవచ్చును. కాని దుకాణములో పొట్లము కట్టించుకొనువాడు ఆ సమాధానమైనను చెప్పుకొనుట లేదు. ఏది ఎట్లున్నను, మంచు ఆరేడు నెలలుండు నేలపై వరి పండదు, కూర పండదు. అచటి తల్లికి బిడ్డ నోటిలో పెట్టుటకు అడవి ఇచ్చినదే కలదు.

కోత పని చిన్నది కాదు. పొద్దు క్రుంకులోపల తోలు ఒలిచి, ప్రేగులు తీసి, తునుకలు చేసి, దోనె వరకు మోయవలెను. ఎంత చిన్నవాడైనను బాలునికి ఒక మూట దక్కును. ఆడబిడ్డలు తల్లి, అమ్మమ్మల ప్రక్కన కూర్చుండి తోలు పని నేర్తురు. కాలి ఎముకను పండ్లు తీర్చి చేసిన గీకుడుకత్తితో లోపలి క్రొవ్వు గీకి, మెదడు పులిమి, పుచ్చిన కొయ్య పొగలో కాచి, పాదరక్షలు, చేతితొడుగులు కుట్టుదురు. ముక్కు ఉడికించిన వంటకము పెద్దలకు ప్రీతి. ఎముక పగులగొట్టి మూలుగు తిందురు. బాలుడు తానే కొట్టిన తొలివేట మాత్రము తనది కాదు. దానిని పెద్దలకును ఇతర కుటుంబములకును పంచి విందు చేయుదురు.

ఇక ప్రభుత్వపు సమాధానము సంగతి. 1920లో చేసిన చట్టసవరణతో ఆదిమజాతుల పిల్లలకు ఏడు మొదలు పదునైదేండ్ల వయస్సువరకు బడి నిర్బంధమైనది. జేమ్స్ అఖాత ప్రాంతమున క్రైస్తవసంఘములు నడపిన వసతి పాఠశాలలు కలవు. లోతట్టు గ్రామముల పిల్లలను వందల మైళ్ల దూరమునకు తరలించిరి. 1963లో లా టూక్ పట్టణమున ఒకటి తెరవబడినది. ఒంటారియో రాష్ట్రపు ద్వీపమొకదానిపై మరియొకటి ఉండెను. ఆ ఊరి పేరు మూస్ ఫ్యాక్టరీ. 1673లో హడ్సన్స్ బే కంపెనీవారు బొచ్చుతోళ్ల వ్యాపారమునకై అచట కొఠీ పెట్టగా ఆ పేరు వచ్చినది. మూస్ వేట నేర్వవలసిన పిల్లలను వేటకాలము వచ్చుసరికి పడవలపైనను విమానములపైనను మూస్ ఫ్యాక్టరీకి పట్టుకొనిపోయిరి. ఇంతటి పరిహాసము ఏ ప్రహసనకర్తయు కల్పింపలేడు.

బడి సెప్టెంబరున తెరచి జూనున మూసెడివారు. కుటుంబము అడవికి పోవునది శరత్తున, మరలునది వేసవిలో. అనగా బిడ్డకును అడవికిని పొత్తు పూర్తిగా తెగినది. బడిలో క్రీ భాష మాటాడినచో దండనలుండెడివి. పదేండ్లు గడచి ఇల్లు చేరిన కుర్రవానికి తాతతో మాటాడుటకు మాట చాలదు, తండ్రితో నడచుటకు కాలు సాగదు. చేతిలో ఉన్న చదువు పట్టణమున ఉద్యోగమునకు చాలునా యన్న అదియు అంతంత మాత్రము. కెనడా అంతట ఇట్టి బడులలో లక్షన్నర మందికి పైగా పిల్లలు పెరిగిరి. వేలమంది ఇల్లు చేరకయే మరణించిరి. 2008 జూన్ 11న ఆ దేశ ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. 2015లో సత్య విచారణ సంఘము తన నివేదికను వెలువరించినది.

ఇది విని, అడవివారికి అక్షరమన్న ఇష్టములేదని తలచుట పొరపాటు. 1840 ప్రాంతమున జేమ్స్ ఇవాన్స్ అను మతబోధకుడు క్రీ భాషకు ఒక లిపి కూర్చెను. అందు ఒక హల్లునకు ఒక గుర్తు. ఆ గుర్తును నాలుగు దిక్కులకు త్రిప్పినచో నాలుగు విధముల అచ్చులు చేరును. మన గుణింతమువంటిదే, తలకట్టు, గుడి, కొమ్ములకు బదులు గుర్తే తిరుగును. ఇవాన్స్‌కు మన నాగరిలిపితో గల పరిచయము ఆ కల్పనకు తోడ్పడినదని పండితుల అభిప్రాయము. ఈ లిపి మతబోధకుల కంటె వేగముగా అడవిలో ప్రాకినది. తల్లి బిడ్డకు, వేటగాడు వేటగానికి గుడారములో నిప్పు వెలుగున నేర్పుకొనిరి. భూర్జపత్రములపై ఉత్తరములు వ్రాసికొనిరి. బడి లేక, గురువునకు జీతము లేక, గ్రంథాలయము లేక ఒక జాతి చదువను వ్రాయను నేర్చినది. వారు కాదన్నది అక్షరమును కాదు. అక్షరము పేరిట బిడ్డను ఎత్తుకొనిపోవుటను.

1971లో క్యూబెక్ ముఖ్యమంత్రి రాబర్ట్ బురాసా, జేమ్స్ అఖాతములో పడు నదులపై మహాజలవిద్యుత్ పథకమును ప్రకటించెను. క్రీ ప్రజలను ముందుగా అడిగినవారు లేరు. వారు న్యాయస్థానమునకు పోయిరి. 1972 డిసెంబరు నుండి మాంట్రియల్ నగరమున విచారణ సాగగా, అడవి విడిచి ఎరుగని వృద్ధ వేటగాండ్రు సాక్ష్యమిచ్చిరి. 1973 నవంబరు 15న న్యాయమూర్తి ఆల్బర్ట్ మలూఫ్ పనులు ఆపవలెనని తీర్పు చెప్పెను. వారము తిరుగకుండ పై న్యాయస్థానము దానిని నిలిపివైచినది. చివరకు రాజీ కుదిరి 1975 నవంబరు 11న ఒడంబడిక జరిగినది. క్రీ పక్షమున ముందు నిలిచిన నాయకుడు బిల్లీ డైమండ్. ఆయన వేటగాని కుమారుడు, మూస్ ఫ్యాక్టరీ బడిలో చదివినవాడు. ఆ బడిలో నేర్చిన ఇంగ్లీషుతోనే ఆయన ప్రభుత్వముతో వాదించెను. వసతి పాఠశాలను నిందించువారు ఈ సంగతిని దాచరాదు; పొగడువారు దానిని చూపి మిగిలిన లక్షన్నర మందిని మరువరాదు.

ఒడంబడికలో రెండు అంశములు ఈ ప్రసంగమునకు ముఖ్యము. మొదటిది, ఏటికి 120 దినములకు తక్కువ కాకుండ అడవిలో వేటపై గడపు కుటుంబములకు దినభత్యము ఏర్పడినది. ఇది భిక్ష కాదు. వేట ఒక వృత్తియని ప్రభుత్వము ఒప్పుకొనుట. రెండవది, 1978లో క్రీ పాఠశాలా మండలి ఏర్పడి, బోధనాభాషయు బడి దినముల పట్టికయు నిర్ణయించు అధికారము వారి చేతికి వచ్చినది. పట్టిక చేతికి రాగానే వారు అందు రెండు సెలవులు వ్రాసిరి: వసంతమున బాతుల సెలవు, శరత్తున మూస్ సెలవు. క్రిస్మస్‌కు సెలవిచ్చినట్లే వేటకు సెలవు. ఉపాధ్యాయులు, కచేరి గుమాస్తాలు కూడ ఆ దినములలో అడవిలోనే ఉందురు.

ఐరోపాలోని స్వీడన్ దేశమునను ఇదే మృగమును వేటాడుదురు. అచట దీనిని వేరు పేరున పిలుతురు. అమెరికాలో ఎల్క్ అను మాట వేరొక దుప్పికి చెల్లుటచే అనువాదకులు తికమక పడుట కలదు. ఉత్తర స్వీడన్‌లో సెప్టెంబరున వేట ఆరంభమగును. ఊరివారు జట్లుగా కూడి, కుక్కలతో మృగమును అటకాయించి, మాంసము వంతులు వేసికొందురు. పిల్లలు తండ్రి ప్రక్కన మొద్దుపై కూర్చుండి చూతురు. అయితే అచటి బాలునికి వేట ఇంటి ఆచారములలో ఒకటి. అది పోయినను వాని భాష పోదు, ఊరు పోదు. క్రీ బాలుని సంగతి అట్టిది కాదు.

మన నల్లమల చెంచుపిల్లలును తండ్రుల వెంట అడవి నేర్చినవారే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున వేటకు తెర పడినది, అది మంచికే. అయినను ఆశ్రమ పాఠశాలకు వచ్చిన చెంచుబిడ్డకు తేనెపట్టు జాడయు, దుంప దొరకు చోటును తెలియుట చదువులో లెక్కకు రావలెనా యన్నది మనవారు ఇంకను తేల్చుకొనవలసిన మాట.

నేటి క్రీ సీమయు పూర్వపుది కాదు. కలప కంపెనీలు వేసిన బాటలు అడవిని చీల్చినవి. 2002 ఫిబ్రవరిలో జరిగిన మరియొక ఒడంబడికలో వేటభూముల పెద్దలతో సంప్రదించి చెట్లు కొట్టు పద్ధతి ఏర్పరచిరి. బాట వెంట మోటారుబండ్లలో బయటి వేడుక వేటగాండ్రును వచ్చిరి. వాస్వానిపి ప్రాంతపు మండలమున మూస్‌ల సంఖ్య బాగుగా తగ్గినట్లు తేలగా 2022లో బయటివారి వేటను అచట నిలుపవలసి వచ్చినది. బాటప్రక్క బండి ఆపి కొట్టు వేటలో బిడ్డ నేర్చునదేమి యని వృద్ధులు చింతింతురు. బండి దిగకయే ముగియు వేటకు జాడ అక్కరలేదు, గాలి అక్కరలేదు, ఊరకుండుటయు అక్కరలేదు.

అయినను శరత్తు రాగానే మూస్ సెలవు వచ్చును. బడి తలుపులకు తాళము పడును. దోనెకు మోటారు తగిలించి, తుపాకులు, పిండిమూటలు, దుప్పట్లు ఎక్కించి, చివరకు పిల్లలను ఎక్కింతురు. వేటస్థలము సమీపించగానే మోటారు ఆపి తెడ్లు తీయుదురు. అక్కడినుండి ఎవ్వరును మాటాడరు.